కళ్లు ఎక్కడ పెట్టాలో బొమ్మను కూరాకే తెలుస్తుంది

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. కార్టూన్‌లో కనిపించే ఒక గుండ్రటి తల నీలం పిల్లి అంటే వాడికి ప్రాణం. కొనివ్వకుండా నేనే ఊలుతో అల్లి ఇద్దామనుకున్నాను. నాకు మఫ్లర్లు, చిన్న స్వెట్టర్లు వచ్చు, అదీ రెండు సూదులతోనే. మూడు వారాలు కూర్చుని బొమ్మ చేశాను. కుట్ల మధ్యలోంచి లోపలి తెల్ల ఫైబర్ కనిపిస్తోంది, తల ఓ పక్కకి వాలిపోతోంది. అన్నిటికంటే బాధ ఏంటంటే, వాడు చూసి "ఇది అది కాదు" అన్నాడు. ఎక్కడ తప్పు చేశాను మేడమ్? విప్పేసి మళ్లీ మొదలుపెట్టాలా?

జవాబు: ముందు ఆ బొమ్మను విప్పకండి. పక్కన పెట్టుకోండి, రెండోది అల్లేటప్పుడు అదే మీకు కొలబద్ద. మీరు చేసిన తప్పులు స్వెట్టర్లు బాగా అల్లేవాళ్లందరూ మొదటి బొమ్మలో చేసేవే. స్వెట్టర్ మెత్తగా ఒంటిమీద జారాలి కాబట్టి చేతికి వదులుగా అల్లడం అలవాటైపోతుంది. బొమ్మకి కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం, బిగుతు. ఊలు ఉండ లేబుల్ మీద 4 మి.మీ. సూది అని ఉంటే బొమ్మకి 3 లేదా 3.25 తీసుకోండి. మొదట్లో వేళ్లు నొప్పెడతాయి, సూది కుట్టులోకి దూరడానికి మొరాయిస్తుంది, అయినా అదే సరైన బిగుతు. అరచేయంత ముక్క అల్లి, కింద తెల్ల గుడ్డ పెట్టి రెండు వైపులా లాగి చూడండి. తెలుపు కనిపిస్తే ఇంకో సైజు తగ్గించాలి.

ఇక తల. కంటి అంచనాతో అల్లితే అది కోడిగుడ్డులాగో గుమ్మడికాయలాగో వస్తుంది, అందుకని కాస్త లెక్క వేసుకుందాం. మీరు అల్లిన ముక్కలో 10 సెం.మీ. వెడల్పుకి 24 కుట్లు, 10 సెం.మీ. ఎత్తుకి 32 వరుసలు వచ్చాయనుకోండి. తల అడ్డుకొలత 10 సెం.మీ. కావాలంటే చుట్టుకొలత 31.4 సెం.మీ., అంటే దాదాపు 75 కుట్లు. ఎనిమిదితో సరిగ్గా భాగించబడేలా 72 పెట్టుకుందాం. 8 కుట్లతో మొదలుపెట్టి, పెంచే వరుస వచ్చినప్పుడల్లా సమాన దూరాల్లో 8 చొప్పున పెంచుతూ పోవాలి (ఒకే కుట్టులో ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి అల్లితే ఒకటి రెండవుతుంది). మొదటి అయిదు పెంపులూ వరుస విడిచి వరుస చేయండి, చివరి మూడూ మాత్రం మూడు నాలుగు వరుసలకి ఒకటి చొప్పున చేయండి. అక్కడికి ఇరవై వరుసలవుతాయి. ఆపైన పది వరుసలు పెంపూ తగ్గింపూ లేకుండా తిన్నగా అల్లి, ఎక్కిన దారిలోనే దిగిపోవాలి, ఈసారి రెండేసి కుట్లు కలిపి ఒకటి చేస్తూ. మొత్తం యాభై వరుసలకి గోళం తయారవుతుంది. రెండు సూదులతోనే అల్లుతున్నారు కాబట్టి అంచులకి చెరో కుట్టు అదనంగా ఉంచుకుని, చివర్లో వెనకవైపు కలిపి కుట్టేయండి. నాలుగు సూదులు నేర్చుకుంటే ఆ అతుకు కూడా ఉండదు గానీ దానికోసం ఇప్పుడు టెన్షన్ పడకండి, అతుకు ఎలాగూ బొమ్మ వీపు వైపే ఉంటుంది.

తల వాలిపోవడానికి కారణం తల బరువు కాదు, సన్నటి మెడ. చాలామంది మెడ దగ్గర దారం లాగి మూటకట్టినట్టు బిగించేస్తారు. అలా చేయకండి. తలకి 72 కుట్లు ఉంటే మెడ దగ్గర 36 కంటే తగ్గనివ్వకండి, అంటే పైన చెప్పిన తగ్గింపుల్లో చివరిదాకా వెళ్లకుండా 40 కుట్ల దగ్గరే ఆపేయండి, ఆ రంధ్రంలోంచి తలనీ మొండేన్నీ కలిపే చోట ఫైబర్ గట్టిగా దట్టించండి, చుట్టూ రెండుసార్లు కుట్టండి. నిలబడాలని లోపల పుల్లో వైరో పెట్టేవాళ్లున్నారు, పిల్లలు పక్కలో వేసుకుని పడుకునే వస్తువులో అవి ఉండనే కూడదు. ఫైబర్ కూడా గుప్పెడు గుప్పెడు తోయకండి, వేళ్లతో దూదేకినట్టు విడదీసి చిటికెడు చిటికెడు పెట్టండి, లేకపోతే పైనుంచి గడ్డలు తెలుస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి, "ఇది అది కాదు" అన్నమాట. ఆ మాటకి మనసు కష్టపెట్టుకోకండి, వాడు మీకు చాలా పనికొచ్చే విషయం చెప్పాడు. వాడి చేతికి కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి ఆ పిల్లిని గీయమనండి. మొదట ఏం గీస్తాడో, దేన్ని పెద్దగా గీస్తాడో చూస్తూ కూర్చోండి. పెద్ద గుండ్రటి తల, ముఖం మీద తెల్లటి వలయం, ఒకదానికొకటి తగులుతూ ఉండే రెండు కళ్లు, వాటి కిందే ఎర్ర ముక్కు. దాదాపు ఇంతే ఉంటుంది. ఆ నాలుగూ సరిగ్గా వస్తే వాడికి అది అదే. చేతివేళ్లు, బెల్టు మీద గీతలు, తోక చివర ఏముంది, వీటికోసం పడే శ్రమ అంతా ఆ నాలుగింటి మీద పెట్టండి.

మీ పాత బొమ్మని ఒకసారి ఎదురుగా పెట్టుకుని చూడండి, కళ్లు నుదుటి మీదకి ఎక్కిపోయి ఉంటాయని నా అనుమానం. నేను మా మనవరాలికి అల్లిన మొదటి కుందేలు అంతే, కళ్లు ఒక వేలెడు పైకి వెళ్లాయి, పాప దాన్ని చూసి "ఎందుకు కోపంగా ఉంది?" అని అడిగింది. చేసిన పొరపాటు ఏంటంటే, ముఖం చదునుగా ఉండగానే కళ్లు కుట్టేశాను. కూరాక ముఖం ఉబ్బుతుంది, అన్నీ జరుగుతాయి. అందుకే తల పూర్తిగా కూరి, మెడ అతికాకే కళ్లు. నల్ల కాగితం గుండ్రంగా కత్తిరించి గుండుసూదులతో గుచ్చి, గదికి అటు చివర పెట్టి ఇటునుంచి చూడండి. కొంచెం కిందకి జరపండి, మళ్లీ చూడండి. ఫోన్‌తో ఫోటో తీస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. (గుండుసూదులు ఎన్ని గుచ్చారో లెక్కపెట్టుకోండి, అన్నీ తిరిగి వచ్చేదాకా బొమ్మ పిల్లాడి చేతికి ఇవ్వొద్దు.) తల ఎత్తులో సగానికి కాస్త కిందగా కళ్లు ఉంటే ముఖం పసిగా, ముద్దుగా కనిపిస్తుంది. పెద్ద తల, పెద్ద కళ్లు, ఉబ్బిన బుగ్గలు చూస్తే మనకి ఎత్తుకోవాలనిపిస్తుందని కొన్రాడ్ లోరెంజ్ అనే జంతు ప్రవర్తన శాస్త్రవేత్త 1943లోనే రాశాడు. చాలా కార్టూన్ బొమ్మల గీతలో ఉన్న కిటుకు అదే.

ఇంకొకటి, తెరమీద కుదిరేది ఊలులో కుదరకపోవచ్చు. మిక్కీ మౌస్ చెవులే తీసుకోండి, అతను ఎటు తిరిగినా అవి గుండ్రంగానే కనిపిస్తాయి. చేత్తో పట్టుకునే బొమ్మకి అలా ఎక్కడ వీలవుతుంది? అలాంటప్పుడు ఎదురుగా చూస్తే ఎలా ఉంటుందో దానికే కట్టుబడి చేయండి.

తెల్లటి ముఖం కోసం రెండు రంగుల ఊలు కలిపి అల్లకండి, విడిగా ఒక తెల్ల బిళ్ల అల్లి పైన కుట్టేయండి. ఆ బిళ్లని మామూలు గళ్ల కాగితం మీద గీసుకుని అల్లితే అణిగిపోయినట్టు అడ్డంగా వస్తుంది, ఎందుకంటే నిట్టింగ్ (సూదులతో అల్లే అల్లిక) కుట్టు చదరం కాదు, వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. మన లెక్కలో 24 కుట్లకి 32 వరుసలు అయితేనే చదరం అవుతుంది. అంటే కాగితం మీద ప్రతి మూడు గళ్ల ఎత్తుకీ నాలుగు వరుసలు అల్లాలి.

ప్రశ్న: మా చెల్లెలి పాపకి ఎనిమిది నెలలు. ఏనుగు బొమ్మ అల్లుతున్నాను. వెనక వాషర్ బిగించే ప్లాస్టిక్ కళ్లు తెప్పించాను, వాటిని సేఫ్టీ ఐస్ అనే అంటారు కదా, పెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా. ఆ పేరు చూసి మోసపోకండి. వాషర్ ఊడకపోవచ్చు, కానీ అల్లిక సాగుతుంది, పసిపిల్లలు రోజంతా నోట్లో పెట్టుకుని లాగుతుంటే కుట్టు వదులై కన్ను వాషర్‌తో సహా బయటికి రావచ్చు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మకి కళ్లు దారంతోనే కుట్టండి. నల్ల దారంతో శాటిన్ కుట్టు (పోగులు పక్కపక్కనే ఒత్తుగా వేసేది) నింపి, చుట్టూ కాడ కుట్టు (ఒకదాని వెంట ఒకటి గీతలా సాగేది) ఒక వరస వేసి, పైమూల తెల్ల దారంతో రెండు చిన్న పొడుపులు పొడిస్తే ఆ కంట్లో ప్లాస్టిక్ కంటికి లేని ప్రాణం వస్తుంది.

గొంతులో ఇరుక్కునే వస్తువు ఏదో తేల్చడానికి బొమ్మల పరీక్షల్లో ఒక చిన్న గొట్టం వాడతారు. దాని లోపలి అడ్డుకొలత 3.17 సెం.మీ. అడుగు ఏటవాలుగా ఉంటుంది, అందుకని లోతు ఒకవైపు 2.54, ఇంకోవైపు 5.71 సెం.మీ. అందులో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా మూడేళ్లలోపు పిల్లల బొమ్మలో ఉండకూడదు, ఊడి రాకూడదు. గుండీలు, పూసలు, గంటలు, గట్టిగా కుట్టని పోగుల బంతులు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. బొమ్మ పూర్తయ్యాక చెవి, తొండం, తోక ఒక్కోటీ పట్టుకుని మీ బలం కొద్దీ లాగండి. మీ చేతికి ఊడొచ్చేదైతే ఇప్పుడే రానివ్వండి. నూగు రాలే మొహేర్ లాంటి ఊలు కూడా వద్దు, ఆ నూగు నోట్లోకి పోతుంది.

మరో మాట. ఏడాది నిండేదాకా పాప నిద్రపోయే చోట మెత్తటి బొమ్మలేవీ ఉంచకూడదని పిల్లల వైద్యులు చెబుతారు, ముఖానికి అడ్డుపడితే పక్కకి తోసుకోలేరు. ఏనుగుని మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ల ముందే ఆడించండి.

ప్రశ్న: దూది కూరి చేసిన బొమ్మని ఉతికితే లోపల ఉండలు కట్టింది, ఎర్ర ఊలు రంగు తెల్ల పొట్ట మీదకి దిగింది. బాగు చేయొచ్చా?

జవాబు: ఉండల సంగతి తేలిక. వెనక అతుకు నాలుగు వేళ్ల మేర విప్పి, ఆ దూది తీసేసి, పాలిస్టర్ ఫైబర్ కూరండి. దూది నీళ్లు పీల్చి అణిగిపోతుంది, పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి రోజుల తరబడి ఉండి వాసన పడుతుంది. రంగు దిగిన పొట్టకి మాత్రం కొత్త తెల్ల ముక్క అల్లి పైన అతకడమే మంచిది, ఎంత రుద్దినా పూర్తిగా పోదు, పైగా అల్లిక నలిగిపోతుంది. ఇకమీదట ఎరుపు, నలుపు, ముదురు నీలం ఊలు కొన్నప్పుడు ఒక పోగు తడిపి, తెల్ల గుడ్డలో చుట్టి, బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున గుడ్డ తెల్లగా ఉంటేనే తెలుపు పక్కన అల్లండి. బొమ్మలకి ఆక్రిలిక్ ఊలు చాలు, ఉతుకుళ్లకి తట్టుకుంటుంది.

ప్రశ్న: బొమ్మలకి నిట్టింగ్ మంచిదా, క్రోషే మంచిదా?

జవాబు: ఏదీ రానివాళ్లయితే క్రోషే, అంటే ఒకే కొక్కెం సూదితో అల్లేది. ఒకసారికి ఒకే కుట్టు కొక్కెం మీద ఉంటుంది, జారినా ఒకటే జారుతుంది, గుండ్రంగా అల్లడం తేలిక, అల్లిక గట్టిగా వస్తుంది. జపాన్ వాళ్లు అమిగురుమి అని పిలిచే చిన్న బొమ్మలు మీరు చూసే ఉంటారు, ఎక్కువగా క్రోషేలోవే. నిట్టింగ్ వచ్చినవాళ్లు మాత్రం అది వదిలేసి కొత్తది నేర్చుకోనక్కర్లేదు. కౌగిలించుకునే బొమ్మకి నిట్టింగ్ ఇచ్చే మెత్తదనం క్రోషేకి రాదని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: నేను అల్లిన కార్టూన్ బొమ్మలు చూసి చాలామంది అడుగుతున్నారు. అమ్మొచ్చా?

జవాబు: మీ పాపకి అల్లివ్వడం వేరు, అమ్మడం వేరు. ఆ పాత్రల మీద కాపీరైటు, ట్రేడ్‌మార్కు హక్కులుంటాయి. అల్లే నమూనా డబ్బిచ్చి కొన్నంత మాత్రాన పాత్ర మీద హక్కు రాదు. 1928 నాటి తొలి మిక్కీ రూపం మీద అమెరికాలో కాపీరైటు 2024 జనవరి 1తో తీరిపోయింది, అయినా తర్వాత వచ్చిన రూపాల్లో చాలావాటికీ, ట్రేడ్‌మార్కుకీ అది వర్తించదు. కాబట్టి అమ్మాలనుకుంటే మీ సొంత పిల్లినో ఎలుగుబంటినో పుట్టించండి, దానికో పేరు పెట్టండి. అంత బాగా అల్లే చేతికి అది కష్టం కాదు. పిల్లల బొమ్మలు అమ్మేవాళ్లకి చాలా దేశాల్లో భద్రతా నిబంధనలు ఉంటాయి, మొదలుపెట్టే ముందు అవీ కనుక్కోండి.

ప్రశ్న: మూడేళ్ల కిందట అల్లిన కోతి బొమ్మ చెయ్యి చిరిగింది, మోచేతి దగ్గర అల్లిక పలచబడి ఫైబర్ బయటికొస్తోంది. మా అమ్మాయి దాన్ని వదలదు. కొత్తది అల్లిస్తానంటే ఏడుస్తోంది.

జవాబు: కొత్తది అల్లకండి, పాపకి కావలసింది ఆ కోతే. పలచబడిన చోట అదే రంగు ఊలుతో, మొద్దు మొన ఉన్న పెద్ద సూదితో, పాత కుట్టు ఎటు వెళితే అటే దాని మీదుగా వెళ్లండి. చిరగని చోటునుంచి నాలుగు కుట్లు ముందుగా మొదలుపెట్టి, అవతల నాలుగు కుట్లు దాటాక ఆపాలి, లేకపోతే పక్కన మళ్లీ చిరుగుతుంది. రంగు కలవకపోతే వెతుకుతూ కూర్చోకండి, వేరే రంగుతో మోచేతి చుట్టూ ఒక పట్టీలా అల్లి కుట్టేయండి, ఏ రంగో పాపనే ఎంచుకోనివ్వండి. కోతిని లోపలికి తీసుకెళ్లి బాగు చేయొద్దు. పాప పక్కన కూర్చుని దాని రెండో చెయ్యి పట్టుకుంటుంది, మీరు ఈ చెయ్యి కుట్టండి.