టెక్ సందేహాలు: కాంపాక్ట్ కెమెరాలో జూమ్ చూడాలా, సెన్సర్ చూడాలా?

ప్రశ్న: జేబులో పట్టే కెమెరా కొందామనుకుంటున్నాను. రెండు మోడళ్ల దగ్గర ఆగిపోయాను. ఒకటి 20 మెగాపిక్సెల్, 30ఎక్స్ జూమ్. రెండోదీ 20 మెగాపిక్సెలే, జూమ్ మాత్రం 3ఎక్స్, ధరేమో ఎక్కువ. నేను తీసేవి ఇంట్లో పిల్లల ఫొటోలు, సాయంత్రం వేడుకలు, ఎప్పుడైనా స్కూల్ స్టేజీ మీద డ్యాన్సులు. జూమ్ తక్కువున్నదానికి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి?

జవాబు: పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసేవి మెగాపిక్సెళ్లు, జూమ్. మీకు పనికొచ్చే రెండు అంకెలు స్పెసిఫికేషన్ల పట్టికలో ఎక్కడో మధ్యలో ఉంటాయి: సెన్సర్ (ఫొటోను పట్టే చిప్) సైజు, లెన్స్ అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్/ పక్కన అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది).

జేబులో పట్టే 30ఎక్స్ కెమెరాల్లో సాధారణంగా ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్. కొలిస్తే సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. రెండోదాంట్లో ఉన్నది బహుశా 1 అంగుళం సెన్సర్. అది నిజంగా అంగుళం ఉండదు, 13.2 × 8.8 మి.మీ. అంతే. అయినా వైశాల్యంలో మొదటిదానికి 4 రెట్లు. రెంటిలోనూ 20 మెగాపిక్సెళ్లే కాబట్టి ఒక్కో పిక్సెల్‌కు దొరికే చోటు కూడా 4 రెట్లు.

ఇక లెన్స్. 30ఎక్స్ రకంలో మామూలుగా ఎఫ్/3.3 నుంచి ఎఫ్/6.4 వరకు ఉంటుంది. 3ఎక్స్ రకంలో ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8. జూమ్ చేయకుండా తీసినప్పుడే ఎఫ్/1.8 లెన్స్ సెన్సర్‌లో ఒక్కో చదరపు మిల్లీమీటరుకు మూడు రెట్లకు పైగా వెలుగు పంపుతుంది. సెన్సర్ సైజు తేడా కూడా కలిపితే మొత్తం వెలుగు దాదాపు 13 రెట్లు. ట్యూబ్‌లైట్ వెలుగులో పరిగెత్తే పిల్లాడి ముఖం ఒకదాంట్లో తేటగా, ఇంకోదాంట్లో మైనం పూసినట్టు రావడానికి కారణం ఇదే. వెలుగు చాలకపోతే కెమెరా ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచుతుంది, దాంతో చుక్కలు (నాయిస్) వస్తాయి, వాటిని చెరిపేసే సాఫ్ట్‌వేర్ జుట్టునీ కనురెప్పలనీ కూడా చెరిపేస్తుంది. నా లెక్కలో 1/2.3 సెన్సర్‌తో ఐఎస్‌ఓ 400 దాకా నిశ్చింత, 800 దగ్గర సర్దుకుపోవాలి. 1 అంగుళం సెన్సర్‌తో 1600 దాకా వెళ్లొచ్చు.

స్టేజీ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. 3ఎక్స్ అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్ సుమారు 24 నుంచి 70 మి.మీ. వరకే (35 మి.మీ. ఫిల్మ్ లెక్కలో; ఈ అంకె పెరిగితే దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది). 15 మీటర్ల దూరంలో కూర్చుంటే ఫ్రేములో 5 మీటర్ల ఎత్తు పడుతుంది. 110 సెంటీమీటర్ల పాప అందులో ఐదో వంతు, అంటే నిలువునా 780 పిక్సెళ్ల చిల్లర. ఫోన్‌లో చూసుకోవడానికి సరే, పెద్ద ప్రింటుకు చాలదు. అలాగని 30ఎక్స్ గట్టెక్కిస్తుందని కాదు. ఫుల్ జూమ్‌లో ఎఫ్/6.4 అయిపోతుంది, డ్యాన్స్ చేసే కాళ్లు చేతులు నిలవాలంటే షటర్ వేగం కనీసం 1/250, వీలైతే 1/500 సెకను ఉండాలి. హాల్లో లైట్లతో అది కుదరాలంటే ఐఎస్‌ఓ 3200 దాటుతుంది, ఫొటో పాడవుతుంది. స్టెబిలైజర్ ఆపేది మీ చేతి వణుకునే గాని పాప కదలికను కాదు. ఆ జూమ్ ఎండలో పక్షుల కోసం, కొండ మీది గుడి గోపురం కోసం.

కాబట్టి మీ అవసరానికి నా ఓటు 1 అంగుళం సెన్సర్‌కే. స్టేజీ ముఖ్యమైతే అదే సెన్సర్‌తో 24-100 మి.మీ., ఎఫ్/1.8-2.8 లెన్స్ ఉన్న కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 3 లాంటిది చూడండి. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 అయితే 200 మి.మీ. దాకా వెళ్తుంది, కానీ లెన్స్ ఎఫ్/2.8-4.5. అందడం పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది, ఇంత చిన్న కెమెరాలో రెండూ పెట్టడానికి చోటుండదు. ఏది కొన్నా రెండో బ్యాటరీ తప్పదు. ఈ రకం కెమెరాల చార్జి ప్రామాణిక పరీక్షలోనే 200-260 ఫొటోలకు అయిపోతుంది, మధ్యలో వీడియో తీస్తే ఇంకా ముందే.

ప్రశ్న: నా ఫోన్‌లో 50 మెగాపిక్సెళ్లున్నాయి. 20 మెగాపిక్సెళ్ల కాంపాక్ట్ కొనడం దండగేనా?

జవాబు: మెగాపిక్సెళ్ల వల్ల మాత్రం దండగ కాదు. చాలా ఫోన్లలో 50 మెగాపిక్సెళ్ల సెన్సర్ నాలుగేసి పిక్సెళ్లను కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది. 20 మెగాపిక్సెళ్ల ఫొటో (5472 × 3648) అంగుళానికి 300 చుక్కల లెక్కన 18 × 12 అంగుళాల ప్రింటుకు సరిపోతుంది.

అసలు ప్రశ్న వేరు. రాత్రిపూట కదలని దృశ్యాలకు మంచి ఫోనే మేలు, ఎందుకంటే అది వరసగా చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది. 1/2.3 సెన్సర్ కాంపాక్ట్ దాని ముందు నిలవదు. కాంపాక్ట్ గెలిచేది నిజమైన ఆప్టికల్ జూమ్‌లో, జినాన్ ఫ్లాష్‌లో. ఫోన్ ఎల్‌ఈడీ టార్చిలా వెలుగుతూనే ఉంటుంది. జినాన్ ఫ్లాష్ వెయ్యో వంతు సెకనులో మెరిసి ఆరిపోతుంది, చీకట్లో ఎగిరే పిల్లాడు గాల్లోనే ఆగిపోతాడు. అయితే ఆ చిన్న ఫ్లాష్ 3-5 మీటర్లకు మించి పనిచేయదు, స్టేజీకి వాడి లాభం లేదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కాంపాక్ట్ కొన్నాను. ఆకాశం తీసిన ప్రతి ఫొటోలో పైన కుడివైపు ఒక బూడిదరంగు మచ్చ. లెన్స్ తుడిచినా పోలేదు. ఇంట్లో తీసినవాటిలో కనబడదు. కెమెరా చెడిపోయిందా?

జవాబు: సెన్సర్ మీద దుమ్ము పడి ఉంటుంది. స్విచ్ వేయగానే లెన్స్ గొట్టం బయటికొస్తూ గాలిని లోపలికి లాగుతుంది, దాంతోపాటు జేబులోని నలుసులనూ. ఖాయం చేసుకోవడానికి ఇలా చేయండి.

మోడ్ డయల్‌ను ‘ఏ’ మీద పెట్టి అపర్చర్ ఎఫ్/8 లేదా ఎఫ్/11 చేయండి. ఐఎస్‌ఓ అన్నిటికన్నా తక్కువది. కంప్యూటర్ తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, ఫోకస్ తప్పించి, ఎక్స్‌పోజర్ +1 పెట్టి తీయండి. తర్వాత జూమ్ చేసి మళ్లీ తీయండి. మచ్చ అదే చోట ఉండి, జూమ్‌లో అంచులు ఇంకా స్పష్టమైతే అది సెన్సర్ మీదిదే. చోటు మారితే లెన్స్ లోపలిది. ఎఫ్/2.8 దగ్గర మచ్చ కరిగిపోయినట్టు కనిపిస్తుంది, మీ ఇంటి ఫొటోల్లో కనబడకపోవడానికి కారణమదే. చవక కాంపాక్టుల్లో అపర్చర్ రెక్కలే ఉండవు, బదులుగా ఒక నల్ల ఫిల్టర్ అడ్డొస్తుంది. అలాంటిదైతే జూమ్ పరీక్ష ఒక్కటే దారి.

కాంపాక్ట్ లెన్స్ ఊడదు కాబట్టి బయటినుంచి తుడవలేరు. వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనించి పీల్చమనే చిట్కా కొన్నిసార్లు ఫలిస్తుంది, కానీ లెన్స్ మూత రెక్కలు, లోపలి స్టెబిలైజర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. నేను సిఫారసు చేయను. స్క్రూలు మీరే అసలు విప్పొద్దు. ఫ్లాష్ కెపాసిటర్‌లో బ్యాటరీ తీసేశాక కూడా 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. సర్వీసు ఖర్చు కెమెరా విలువలో సగం దాటేలా ఉంటే వదిలేసి, ఆకాశం తీసేటప్పుడు ఎఫ్/4 దాటకండి. పాత ఫొటోల్లోని మచ్చను ఏ ఎడిటింగ్ యాప్‌లోనైనా హీలింగ్ బ్రష్‌తో తీసేయొచ్చు.

ప్రశ్న: 2005 నాటి సీసీడీ (పాత రకం సెన్సర్) కెమెరా బీరువాలో దొరికింది. కొత్త 64 జీబీ కార్డు పెడితే ‘కార్డ్ ఎర్రర్’ అంటోంది. తేదీ కూడా ప్రతిసారీ పోతోంది.

జవాబు: ఆ కాలం కెమెరాలకు మామూలు ఎస్‌డీ కార్డే తెలుసు, అది 2 జీబీ వరకే. 4-32 జీబీల ఎస్‌డీహెచ్‌సీ 2006లో వచ్చింది, మీ 64 జీబీ కార్డు ఎస్‌డీఎక్స్‌సీ, అది ఇంకా తర్వాతిది. 2 జీబీ లేదా 1 జీబీ కార్డు సంపాదించి, కంప్యూటర్‌లో కాకుండా కెమెరా మెనూలోనే ఫార్మాట్ చేయండి.

తేదీని కాపాడేది లోపలి చిన్న బ్యాకప్ సెల్. ఫుల్ చార్జ్ చేసిన బ్యాటరీని కెమెరాలో ఒక రోజంతా ఉంచితే చాలా మోడళ్లలో అదే చార్జ్ అవుతుంది. అప్పటికీ తేదీ నిలవకపోతే ఆ సెల్ పోయినట్టే, ఫొటోలకు వచ్చే నష్టమేమీ లేదు. ప్రధాన బ్యాటరీ ఉబ్బి గూట్లో బిగుసుకుపోతే మాత్రం బలవంతంగా పీకొద్దు, పొడిచి తీయొద్దు. సర్వీసు సెంటర్లో ఇచ్చేయండి.