కోడలి సంగతి తర్వాత, ముందు కల్వకుర్తి వెళ్లండి

ఉత్తరం:

మేడమ్, నాకు యాభై ఒక్క ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర. మా ఆయన పాస్టర్. ఇరవై ఏళ్లకు పైగా కుటుంబమంతా సేవలోనే ఉన్నాం. తండాల్లో సువార్త సభలు, మెడికల్ క్యాంపులు, మే నెలలో పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి), విధవరాళ్లకు కుట్టు శిక్షణ, భార్యాభర్తలకు కుటుంబ సదస్సులు నడుపుతాం. ముంబై, పుణె వలస పోయినవాళ్ల పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్తాం. మన్ననూరు దాటి అడవిలోని చెంచు పెంటలకు (గూడేలకు) కూడా వెళ్తాం. కొడుకు మాతోనే సేవలో ఉన్నాడు. నిరుడు పెళ్లి చేశాం. కోడలు నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పెళ్లికి ముందు సేవకు సరేనంది. ఇప్పుడు మూడో నెల. ఉద్యోగం మానేసి మాతో రమ్మంటే, “నేను రాను అత్తమ్మా, నా పిల్లను నేనే సాదుకుంట” అని ముఖం మీదే అనేసింది. సంఘంలో అందరూ అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. మా అమ్మాయీ అంతే. దానికి ఐదేళ్లప్పుడు, హన్నా సమూయేలును ఇచ్చినట్టు, దేవుని పని కోసం కల్వకుర్తిలో మా అమ్మ దగ్గర విడిచిపెట్టాను. కొడుకును మాత్రం అయ్యగారి తర్వాత సేవ చూడాలని దగ్గరే ఉంచుకున్నాం. ఇప్పుడు అది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. సెలవు దొరికితే కల్వకుర్తి పోతుంది గాని మా గడప తొక్కదు. ఫోన్ చేస్తే “ప్రైజ్ ద లార్డ్ అమ్మగారూ” అంటుంది వెటకారంగా. దాని సంగతి అలా ఉంచండి. కోడలిని సేవలోకి ఎలా తేవాలి? ఏ వాక్యం చూపించి చెప్పాలి? మా కరపత్రం కూడా జత చేస్తున్నాను.

జవాబు:

చెల్లెమ్మా,

కోడలికి ఏ వాక్యమూ చూపించకండి. ఆమె ఉద్యోగం ఆమెను చేసుకోనివ్వండి. మూడో నెలలో ఉన్న పిల్లను జీపులో తండాలకు తిప్పాలనే ఆలోచనే సరైంది కాదు. పైగా 2017 నుంచి చట్టంలో ఉన్న ప్రసూతి హక్కు ప్రకారం, పదిమంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్నచోట పనిచేసే ఆడవాళ్లకు మొదటి రెండు కాన్పులకు 26 వారాలు జీతంతో సెలవు వస్తుంది. ఇప్పుడు రాజీనామా చేయిస్తే ఆ హక్కును మీ చేతులతో మీరే పోగొట్టినవాళ్లవుతారు. పెళ్లికి ముందు సరేనంది అంటున్నారు. కడుపులో బిడ్డ పడ్డాక ఆడదాని ఆలోచన మారుతుంది, మారాలి కూడా. సంఘంలో ఎవరైనా అడిగితే “మా కోడలు ఆసుపత్రిలో రోగులకు సేవ చేస్తోంది” అని చెప్పండి. అందులో తల దించుకోవాల్సింది ఏముంది? ఆమె జీతంలో కానుక ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్నది కూడా ఆమె ఇష్టమే. మీరు అడగలేదు గాని, రేపో మాపో ఆ మాట కూడా వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మీరు అడిగినదానికి జవాబు అంతే. నన్ను పట్టి ఆపింది “దాని సంగతి అలా ఉంచండి” అన్న మాట. ఎందుకు ఉంచాలి? ఆ ఉత్తరంలో నాకు కనిపించిన అసలు కష్టం మీ అమ్మాయే.

కోడలు ఏమందో మీరే రాశారు. సేవ అంటే ఇష్టం లేదని ఆమె అనలేదు. దేవుణ్ణి కాదనలేదు. “నా పిల్లను నేనే సాదుకుంట” అంది. పుట్టబోయే బిడ్డను ఎవరి దగ్గరైనా ఉంచుదామని మీరెవరూ అన్నట్టు ఉత్తరంలో లేదు. మరి ఆ పిల్లకు ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ఇంటికి కాపురానికి వచ్చిన కోడలికి ఆడపడుచు కథ తెలియకుండా ఉంటుందా? ఇద్దరూ ఒక ఈడు పిల్లలు. బహుశా ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటారు. మీ అమ్మాయితో మీరు సమాధానపడనంత కాలం కోడలికి మీరేం చెప్పినా ఆమె చెవికి ఎక్కదు.

మీరు పంపిన కరపత్రం నా ముందే ఉంది. వెనక పేజీలో కుటుంబం ఫోటో, కింద “కుటుంబముగా ప్రభువు సేవలో” అని అచ్చువేయించారు. అయ్యగారి చేతిలో బైబిల్ ఉంది. మీ చెయ్యి కొడుకు భుజం మీద ఉంది. అమ్మాయి ఒక పక్కగా నిలబడింది. పదేళ్లుంటాయేమో. గౌను చేతులు మణికట్టు దాటి వేళ్ల దాకా వచ్చాయి. ఒంటి కొలత తెలియనివాళ్లు తెచ్చిన గౌను అది. మీరు కుట్టు సెంటర్ నడిపే మనిషి కాబట్టి, నేను చెప్పనక్కర లేకుండా మీకే అర్థమవుతుంది. ఫోటో కోసం పిల్లను కల్వకుర్తి నుంచి పిలిపించి, ఫోటో అయ్యాక మళ్లీ పంపించి ఉంటారు. ఇన్నేళ్లుగా ఆ ఫోటోతోనే కరపత్రాలు పంచుతున్నారు, సపోర్టర్లకు రిపోర్టులు పంపుతున్నారు. కుటుంబంగా సేవ అని ఊరంతా చదివింది. ఆ కుటుంబంలో తాను ఎన్ని రోజులు ఉందో ఆ పిల్లకు తెలుసు.

హన్నా పేరు ఎత్తారు కాబట్టి ఆ కథ మొత్తం చూద్దాం. హన్నా బిడ్డ కోసం ఏడ్చి మొక్కుకుంది. పుట్టకముందే మాట ఇచ్చింది. పాలు మాన్పించే దాకా ఒడిలోనే పెట్టుకుని, ఆ తర్వాతే షిలోహులో మందిరానికి అప్పగించింది. మీ అమ్మాయి విషయంలో అలాంటి మొక్కేదీ ఉన్నట్టు మీరు రాయలేదు. ప్రయాణాలు పెరిగాయి, చిన్నపిల్లతో తిరగడం కష్టమైంది, పంపించారు. దాన్ని అలాగే చెప్పుకోండి, హన్నా మీద పెట్టకండి. ఆ కథలో ఇంకో ముక్క ఉంది, మొదటి సమూయేలు గ్రంథం రెండో అధ్యాయంలో. హన్నా ఏటేటా బలి అర్పించడానికి వెళ్లేటప్పుడు కొడుక్కి చిన్న అంగీ ఒకటి కుట్టి తీసుకెళ్లేది. ఏటా కుట్టాలంటే పిల్లాడు ఎంత ఎదిగాడో తల్లి మనసులో లెక్క ఉండాలి. బిడ్డను దేవుడికి ఇచ్చేసినా ఆ లెక్క మానుకోలేదు ఆమె. మీరు ఎంతమంది ఆడవాళ్లకు కుట్టు నేర్పి బతుకుదెరువు చూపించారో, అది నిజంగా గొప్ప పని. ఆ మిషన్ మీద మీ బిడ్డకు ఎన్ని గౌన్లు కుట్టారు?

సెలవుల్లో తీసుకొచ్చేవాళ్లం అంటారేమో. సేవ పనుల తీరు నాకూ కొంత తెలుసు. బడికి వేసవి సెలవులు వచ్చేది మే నెలలో, మీ వీబీఎస్ కూడా అప్పుడే. దసరా సెలవుల్లో యూత్ క్యాంపులు ఉంటాయి. డిసెంబర్ వచ్చిందంటే ఊరూరా సెమీ క్రిస్మస్ సభలు, దుప్పట్ల పంపిణీ. అంటే పిల్ల చేతికి దొరికే రోజులన్నీ మీకు ఊపిరాడని రోజులే. తెచ్చుకున్నా యాక్షన్ సాంగ్స్ చెప్పించుకుంటూ వందమంది పిల్లల్లో ఒకతెను చేసి కూర్చోబెట్టి ఉంటారు. ఆ వందమందికీ సాయంత్రం కాగానే వెళ్లడానికి ఒక ఇల్లుంది.

వలసపోయినవాళ్ల పిల్లలకు ట్యూషన్ చెబుతున్నామని రాశారు. అది చదివి మనసు కలుక్కుమంది. పాలమూరు, దేవరకొండ పల్లెల్లో అవ్వాతాతల దగ్గర మిగిలిపోయిన పిల్లలు ఎలా ఉంటారో మీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? ఫోన్ మోగితే ఎలా లేచి పరిగెత్తుతారో చూసే ఉంటారు. పండక్కి బస్సు దిగిన తల్లిని మొదటి రోజు దూరం నుంచే చూసి, రెండో రోజు కొంగు వదలని పిల్లలను చూసే ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులు పొట్టకూటి కోసం, వానల్లేక, అప్పులు తీరక వెళ్లారు. ఆ పిల్లల పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పిన సాయంత్రాల్లో కల్వకుర్తిలో మీ బిడ్డకు ఎక్కాలు చెప్పింది మీ అమ్మ.

పెద్ద పని మీదికి వెళ్లినవాళ్లు పిల్లలను వేరేచోట ఉంచడం మీతో మొదలైంది కాదు. మన తెలంగాణలోనే సాయుధ పోరాటం రోజుల్లో, 1946కూ 1951కూ మధ్య, దళాల్లో తిరిగిన ఆడవాళ్లు కొందరు చంకలోని బిడ్డలను పరాయి చేతుల్లో పెట్టి వెళ్లారు. ముసలితనంలో తమ కథ చెప్పుకున్నప్పుడు వాళ్లు ఆ బిడ్డ సంగతి పక్కన పెట్టలేదు, దాని దగ్గరే గొంతు పూడుకుపోయింది. మన దేశంలో పనిచేసిన అమెరికా మిషనరీలు కూడా పిల్లలను బోర్డింగుకు పంపేవాళ్లు. 1901లో కొడైకెనాల్‌లో బడి మొదలైందే ఆ పిల్లల కోసం. అయినా ఎండలు ముదిరాక తల్లులు పని ఆపుకుని కొండెక్కి పిల్లల దగ్గర ఉండేవాళ్లు. దూరం పెట్టడం ఒక్కోసారి తప్పదు, ఒప్పుకుంటాను. కల్వకుర్తి మీకు రెండు గంటల దారి కూడా లేదు.

ఇక కొడుకును ఉంచుకుని కూతురిని పంపడం. మీరు ఆ మాట ఎంత మామూలుగా రాశారంటే, అందులో ఏమైనా ఉందని మీకు తట్టినట్టు లేదు. అయ్యగారి తర్వాత సేవ చూడాలి కాబట్టి మగపిల్లాడు కావాలి. ఆడపిల్ల ఎలాగూ ఒకరింటికి పోయేదే. మన ఇళ్లలో ఈ లెక్క కొత్తది కాదు, ఆస్తుల దగ్గరా చదువుల దగ్గరా చూస్తూనే ఉన్నాం. దాన్ని దేవుని పని పేరుతో చేస్తే మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ పిల్ల మీ మీద పెట్టుకున్న కోపం సేవ మీద కాదని నా గట్టి నమ్మకం. ఇద్దరినీ పంపి ఉంటే ఏడ్చి ఊరుకునేదేమో. అన్న ఆ ఇంట్లో తిని, ఆ ఇంట్లో పడుకుని, తాను మాత్రం చుట్టంలా వచ్చిపోవాల్సి రావడం ఏ ఆడపిల్లకూ అరగదు. ఇప్పుడు ఆమె మిమ్మల్ని సంఘంలోవాళ్లు పిలిచినట్టే “అమ్మగారూ” అని పిలుస్తోంది. అది వెటకారమని మీకు అనిపించింది. నాకైతే ఆమె ఉన్నదున్నట్టు చెబుతోందని అనిపించింది. సంఘానికి దొరికినంత మాత్రమే మీరు ఆమెకూ దొరికారు.

మీ సేవను తక్కువ చేయడం లేదు. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన ఊళ్లున్న జిల్లా ఇది. ఇలాంటి చోట డాక్టరును వెంటబెట్టుకుని ఊళ్లకు వెళ్లేవాళ్లు ఎవరైనా సరే నాకు గౌరవమే. కానీ సొంత ఇంటిని సరిగ్గా చూసుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూస్తాడని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది. కుటుంబ సదస్సుల్లో అయ్యగారు ఆ వాక్యం ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. కన్నబిడ్డ బాధ్యత మిగతా అన్ని బాధ్యతల కంటే ముందుదని నేను నమ్ముతాను. అది తీర్చకుండా చేసే ఏ పుణ్యకార్యమైనా నాకు సగమే కనిపిస్తుంది.

ఏం చేయాలో చెబుతాను. మీ అమ్మకు ఫోన్ చేసి, మనవరాలు ఈసారి ఎప్పుడు వస్తుందో కనుక్కోండి. ఆ రోజుకు బస్సెక్కండి. ఆదివారమైతే ఆదివారమే, ఆరాధన ఒక్క వారం మీరు లేకుండా జరుగుతుంది. ఫోన్ కొడుక్కి ఇచ్చి వెళ్లండి. “అమ్మగారూ, మా పాపకు జ్వరం, ప్రార్థన చేయండి” అని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు, ఆ పూట వాళ్లకు అయ్యగారు ప్రార్థన చేస్తారు.

వెళ్లగానే ప్రార్థన పెట్టకండి, వాక్యం ఎత్తకండి. పెళ్లి సంబంధాల మాట అసలే వద్దు. “నిన్ను పంపించి అన్నను ఉంచుకోవడం తప్పు. ఆ తప్పు నాది” అని చెప్పండి. ఆ తర్వాత “కానీ” అంటూ ఒక్క ముక్క కలపకండి. ఫీజులు కట్టాం, అమ్మమ్మ బాగానే చూసింది కదా అన్నారో, అక్కడితో అయిపోయింది. ఆమె అరవొచ్చు. లేచి వెళ్లిపోవచ్చు. ఏమీ అనకుండా టీవీ చూస్తూ కూర్చోవచ్చు. ఇన్నేళ్లది ఒక పూటలో తెగదు. ఆమె క్షమించాలని అడగకండి, అది ఆమె ఇచ్చినప్పుడు తీసుకోవాల్సింది. వచ్చే నెల మళ్లీ వెళ్లండి. ఈ మే నెలలో వీబీఎస్‌ను మీ దగ్గర తయారైన యువతీయువకులకు అప్పగించండి, వాళ్లు చేయగలరు. ఆ రోజుల్లో ఆమెకు సెలవు దొరికితే ఎక్కడికి వెళ్దామంటే అక్కడికి వెళ్లండి.

ఇంకొక్కటి గట్టిగా చెబుతున్నాను. ఈ విషయాన్ని సంఘంలో సాక్ష్యంగా చెప్పకండి. సమాధానం కుదిరినా చెప్పకండి, కుదరకపోతే ప్రార్థన మనవుల్లో ఆమె పేరు చదివించకండి. కుటుంబ సదస్సులో మంచి ఉదాహరణగా పనికొస్తుందని అయ్యగారికి అనిపించవచ్చు. ఒప్పుకోవద్దు. తన బాధ కూడా సేవకు వాడారని తెలిస్తే ఆ పిల్ల ఇక తలుపు తీయదు. కొత్త కరపత్రాలు అచ్చువేయించే ముందు ఆ ఫోటో వేయాలో వద్దో ఆమెను అడగండి. వద్దంటే తీసేయండి.

అయ్యగారు కూడా మీతో వస్తానంటే ఈసారికి వద్దని చెప్పండి. ఆయన పక్కన ఉంటే మీరు మళ్లీ పాస్టరమ్మ అయిపోతారు. తండ్రిగా ఆయన చెప్పుకోవాల్సింది ఆయనకూ ఉంది. అది ఆయన వేరే రోజు, తనంతట తాను వెళ్లి చెప్పుకోవాలి.