వృద్ధుల భోజనాల సదస్సులకు వెళ్లడం దండగేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమెరికాలో వృద్ధులకు మధ్యాహ్న భోజనం పెట్టే ఒక చిన్న సంస్థలో చేరి ఏడాదయింది, ఈసారి సదస్సుకు ఒక్కరిని పంపగలమని బోర్డు చెప్పింది, ఏ సదస్సుకు వెళ్లాలి, వెళ్తే ఒరిగేదేమైనా ఉందా?

ఉంది. కానీ మీ వంటగది నుంచి ఒక ఫిర్యాదు మూటగట్టుకుని వెళ్తేనే. చేతులు ఊపుకుంటూ వెళ్తే కలాలు, సంచులు, కరపత్రాలు మాత్రం దండిగా దొరుకుతాయి. నేను రెండు రకాలుగానూ వెళ్లి వచ్చాను.

న్యూజెర్సీలో ఒక భోజన కేంద్రంలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. మొదట్లో వారానికి రెండు రోజులు నా కారులో భోజనాలు పంచిపెట్టే స్వచ్ఛంద సేవకుడిని. ఇప్పుడు మెనూ, సరుకుల కొనుగోలు, డ్రైవర్ల వంతులు అన్నీ నా నెత్తినే ఉన్నాయి. మా దగ్గర తినేవారిలో భారతీయులు చాలామందే, వారిలో తెలుగువారు ఎక్కువ. దాదాపు అందరూ పిల్లల దగ్గర ఉండటానికి వచ్చిన అమ్మానాన్నలే.

మొదటిసారి ఒక జాతీయ సదస్సుకు పెళ్లికి వెళ్లినట్టు వెళ్లాను. ఇస్త్రీ చొక్కాలు, జేబులో విజిటింగ్ కార్డుల కట్ట. మూడు రోజుల్లో పదకొండు ప్రసంగాలు విన్నాను, ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నది ప్రదర్శన హాలు. ఒక స్టాలులో ట్రే మీద పల్చటి ప్లాస్టిక్ పొరను వేడితో అతికించే యంత్రం పెట్టారు. అమ్మేవాడు ట్రేను తలకిందులు చేసి గట్టిగా ఊపాడు, చుక్క కారలేదు. లోపల ఉన్నది బంగాళాదుంప ముద్ద. కారడానికి అందులో ఏముందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. తిరిగి వచ్చి బోర్డును ఒప్పించి అలాంటి యంత్రమే కొనిపించాను. మొదటి వారంలోనే టమాటా పప్పు పంపాం. పోపు నూనె అంచుకు తగిలిన చోటల్లా పొర లేచిపోయింది. మా డ్రైవరు కారు వెనక సీటు పది రోజులు ఇంగువ వాసన కొట్టింది. తప్పు యంత్రానిది కాదు. ఒక డబ్బాలో మా పప్పు తీసుకువెళ్లి, 'దీన్ని మూసి చూపించండి' అని అడగకపోవడం నాది.

ఏ సదస్సు అన్నది తేల్చుకోవడానికి ముందు, అక్కడికి వచ్చేవారంతా ఏ చట్టం గొడుగు కింద బతుకుతున్నారో తెలిసి ఉండాలి. ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ 1965లో వచ్చింది. వృద్ధులకు దేశమంతటా భోజనం పెట్టే పథకాన్ని 1972 మార్చి 22న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో అందులో చేర్చారు. ఏటా మార్చిలో 'మార్చ్ ఫర్ మీల్స్' పేరుతో హడావిడి జరిగేది అందుకే. 60 ఏళ్లు నిండినవారు ఎవరైనా తినవచ్చు, భార్యకో భర్తకో అంత వయసు లేకపోయినా పక్కన కూర్చుని తినవచ్చు. ధర పెట్టకూడదు. ఇవ్వగలిగినంత పెట్టెలో వేయవచ్చు, వేయకపోయినా విస్తరి ఆగదు. ఒక్కో భోజనంలో రోజుకు కావలసిన పోషకాల్లో కనీసం మూడో వంతు ఉండాలి. డబ్బు రెండు ఖాతాలుగా వస్తుంది: సీ-1 సహపంక్తి భోజనాలకు, సీ-2 ఇంటికి పంపే భోజనాలకు. ఈ రెండు ముక్కలు తెలియకపోతే సదస్సు మొదటి గంటలోనే దారి తప్పుతారు. 2024లో నిబంధనలను మార్చి, సీ-1 డబ్బులో 25 శాతం వరకు వచ్చి పట్టుకెళ్లే భోజనాలకు వాడుకునే వీలు కల్పించారు. అంతకుముందు ఈ నిబంధనలను పెద్దగా ముట్టుకున్నది 1988లోనే. ఆ 25 శాతాన్ని మీ రాష్ట్రం ఎలా అమలు చేస్తోంది అన్నది, ఎవరి పక్కన కూర్చున్నా మాట కలపడానికి ఇప్పటికీ పనికొచ్చే ప్రశ్న.

ఇక సదస్సుల సంగతి. వృద్ధుల ఇళ్లకు భోజనాలు పంపే సంస్థల జాతీయ సంఘం మీల్స్ ఆన్ వీల్స్ అమెరికా ఏటా జరిపేదానిలో వంటగది, డ్రైవర్లు, విరాళాలు, స్వచ్ఛంద సేవకుల గురించిన మాటలు ఎక్కువ. మీలాంటివారు ఎక్కువగా కనిపించేది అక్కడే. నానాస్ప్ అని పిలిచే పోషకాహార, వృద్ధుల సేవల సంఘం శిక్షణ సదస్సు చిన్నది. చిన్నది కావడమే దాని సుఖం, మాట్లాడిన మనిషి మర్నాడు మళ్లీ దొరుకుతాడు. 'యూఎస్ఏజింగ్' సదస్సు మీకు డబ్బు పంపే ఏరియా ఏజెన్సీల, అంటే ప్రాంతాల వారీగా వృద్ధుల సేవలు చూసే సంస్థల వాళ్లది. అలాంటి ఏజెన్సీలు దేశంలో 600కు పైగా ఉన్నాయి. మీ డైరెక్టరు వెళ్లవలసిన చోటది, మీరు కాదు. వసంతంలో జరిగే అమెరికన్ సొసైటీ ఆన్ ఏజింగ్ సమావేశంలో ఇళ్లు, మతిమరుపు, ఒంటరితనం, సాంకేతికత అన్నీ ఉంటాయి కాబట్టి భోజనం మూలకు పోతుంది. నవంబరులో జరిగే జెరొంటాలాజికల్ సొసైటీ సభలు వృద్ధాప్యం మీద పనిచేసే పరిశోధకులవి. మీ సంస్థలో నమోదిత డైటీషియన్ ఉంటే వారికి అయిదేళ్లలో 75 గంటల నిరంతర విద్య తప్పనిసరి, కాబట్టి వారి దారి వేరు. మీరు మాత్రం ముందు మీ రాష్ట్ర స్థాయి సమావేశం ఏదైనా ఉందేమో చూడండి. కారులో వెళ్లి వచ్చేయవచ్చు, మీ మెనూను తనిఖీ చేసే మనిషే అక్కడ కాఫీ తాగుతూ దొరుకుతుంది. ఆ తరువాత నానాస్ప్, ఆ తరువాత మీల్స్ ఆన్ వీల్స్.

రెండోసారి వెళ్లడానికి ముందు రెండు నెలల పాటు నేను ఎంగిలి ట్రేలు చూశాను. పళ్లేలు కడిగే తొట్టి పక్కన నిలబడి, ఏ గడిలో ఏం మిగిలిందో నోటు పుస్తకంలో రాసుకునేవాడిని. మా వంటావిడ మొదటి రోజు నా వంక జాలిగా చూసింది. పప్పు ఖాళీ, అన్నం ఖాళీ, పెరుగు ఖాళీ. చపాతీ మాత్రం తిరిగి వచ్చేది. అంచు కాస్త కొరికి, నాలుగు మడతలు పెట్టి, కాగితపు రుమాలు కింద దాచి. ఆ దాచడం దగ్గరే నాకు అనుమానం వచ్చింది. రుచి లేకపోతే వదిలేస్తారు, దాచరు కదా.

అప్పటిదాకా మా అందరికీ ఒకటే సమాధానం: దక్షిణాదివారు, చపాతీ అలవాటు ఉండదు. పిండి మార్చాం, నెయ్యి రాశాం, ఒక వారం మెంతికూర కలిపాం. ఏం చేసినా నాలుగు మడతలూ రుమాలూ మామూలే.

సదస్సులో పోషకాహార లోపాన్ని ముందే పసిగట్టడం మీద ఒక తరగతి జరిగింది. అక్కడ చూపించిన పది ప్రశ్నల పత్రం మా కేంద్రంలోనూ ఉంది. ఎక్కువసార్లు ఒంటరిగా తింటే 1 మార్కు, నోటి లేదా పళ్ల బాధతో తినడం కష్టమైతే 2, రోజుకు రెండు పూటల కన్నా తక్కువ తింటే 3, తిండి కొనడానికి డబ్బు చాలకపోతే 4. మొత్తం 6 దాటినా, 6 వచ్చినా ప్రమాదం ఎక్కువని లెక్క. మా తెలుగువారి పత్రాల్లో పళ్ల ప్రశ్నకు దాదాపు అన్నీ 'లేదు'లే. తరగతి అయ్యాక వరండాలో మిన్నెసోటా నుంచి వచ్చిన ఒక పెద్ద డైటీషియన్‌కు నా నోటు పుస్తకం చూపించాను. ఆవిడ చపాతీ గురించి ఒక్క మాటా అడగలేదు. 'పత్రం నింపేది ఎవరు?' అంది.

నింపేది కొడుకులూ కూతుళ్లూ. పత్రం ఇంగ్లీషులో ఉంటుంది, చేరే రోజు పిల్లలే గబగబా టిక్కులు పెట్టి ఆఫీసుకు పరుగెత్తుతారు.

తిరిగి వచ్చాక ఒక్కొక్కరి పక్కన కూర్చుని తెలుగులో అడిగాను. గుంటూరు నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు, మాస్టారు అనే పిలుస్తాం. కింది పళ్ల సెట్టు ఎనిమిది నెలలుగా వదులైందట. 'అబ్బాయికి చెబితే మళ్లీ ఖర్చు కదండీ. మీరు కూడా చెప్పకండి బాబూ' అన్నారు. పద్నాలుగు మందిని అడిగితే తొమ్మిది మంది నోట్లో ఏదో ఒక బాధ బయటపడింది. మాస్టారి మాట నేను నిలబెట్టుకోలేదు. అబ్బాయికి ఫోను చేశాను. ఒక వారం మాస్టారు నాతో మాట్లాడలేదు, తరువాత కొత్త సెట్టుతో వచ్చి జంతిక అడిగారు.

అదే సదస్సులో ఇంకో గదిలో, మింగడం కష్టమైనవారికి ఆహారాన్నీ పానీయాలనూ 0 నుంచి 7 వరకు స్థాయిలుగా విభజించే అంతర్జాతీయ పద్ధతి నేర్పారు. పరికరాలేమీ అక్కరలేదు, ఫోర్కు చాలు. ఫోర్కు వెనక వైపుతో ముక్కను నొక్కాలి, బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా. ముక్క నలిగి మళ్లీ పాత ఆకారానికి రాకపోతే మెత్తనిది. 5వ స్థాయిలో పెద్దలకు ముక్క వెడల్పు 4 మిల్లీమీటర్లు దాటకూడదు, ఫోర్కు పళ్ల మధ్య సందు దాదాపు అంతే ఉంటుంది. 6వ స్థాయిలో 15 మిల్లీమీటర్లు. వచ్చిన వారంలోనే మా వంటగదిలో ఇడ్లీ మీద ప్రయోగం చేశాం. వేడి ఇడ్లీ నలిగి ఊరుకుంది. చల్లారిన ఇడ్లీ స్పాంజిలా పైకి లేచింది. సాంబారులో తేలే ఇడ్లీ అసలు వేరే సమస్య అని మా డైటీషియన్ చెప్పింది. మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి ఒకే ముద్దలో పల్చటి ద్రవమూ గట్టి ముక్కా కలిసి వస్తే గొంతులో ఒకటి ముందు, ఒకటి వెనక అవుతాయట. చిక్కటి పెరుగన్నం నెగ్గింది. మా వంటావిడకు అది విజయోత్సవం.

మన తిండి పెట్టేవారికి ఇంకో మాట. ప్రదర్శన హాలులో శాకాహారం అని అడిగిన ప్రతిచోటా నాకు జున్ను వేసిన పాస్తానే చేతికిచ్చారు. కాబట్టి అక్కడ వంటకాలు వెతకకండి, లెక్కలు వెతకండి. మాంసకృత్తుల లెక్కలో పావు కప్పు ఉడికిన పప్పును ఒక ఔన్సు మాంసానికి సమానంగా లెక్కిస్తారు. మూడు ఔన్సులు కావాలంటే ముప్పావు కప్పు, అదీ చిక్కటి ముద్దపప్పు. నేను మా మెనూ కార్డు తీసుకువెళ్లి ఒక డైటీషియన్ ముందు పెడితే చారు గడిలో ఆవిడ సున్నా వేసింది. నాకు కోపం వచ్చింది. ఆమె లెక్కలో తప్పేమీ లేదు, మా ఇంట్లో కూడా ఎవరూ చారుతో బలం వస్తుందని చెప్పలేదు.

భోజనాల బల్ల దగ్గర మీ ఊరివాళ్లతో కూర్చోకండి. నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒకాయన పక్కన పడ్డాను. పొలాల మధ్య ఇళ్లకు వారానికి ఒక్కసారే అయిదు గడ్డకట్టిన భోజనాలు ఇచ్చి వస్తారట. 'పెట్టె వెళ్తుంది, మనిషి వెళ్లడు. అందుకే మిగతా నాలుగు రోజులూ ఫోను చేస్తాం' అన్నాడు. మంచు తుఫాను రోజుల్లో మేమిప్పుడు చేసేది అదే.

ఖర్చు మాట ఎలాగూ బోర్డు అడుగుతుంది. నమోదు రుసుము వందల డాలర్లలోనే ఉంటుంది, ముందే కడితే తగ్గుతుంది, సభ్యత్వం ఉంటే ఇంకా తగ్గుతుంది. హోటలు గది పంచుకోండి. ప్రారంభోపన్యాసం ఎగ్గొట్టి ఆ గంట నిద్రపోయినా నష్టం లేదు.

ఈ ఏడాది నేను వెళ్లడం లేదు, మా వంటావిడను పంపిస్తున్నాం. ఆమెకు ఇంగ్లీషు కాస్త బెరుకు, అందుకని తోడుగా ఒక యువ డ్రైవరు వెళ్తున్నాడు. వండిన అన్నం 135 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి రెండు గంటల్లో 70కి, మరో నాలుగు గంటల్లో 41కి దిగాలి. దానికోసం లోతు లేని ట్రేలలో పల్చగా పరిచి చల్లబరిస్తే పైపొర ఎండి, మర్నాడు గింజ రాయి అవుతోంది. ఆమె మూటగట్టుకున్న ఫిర్యాదు అదే. చీటీ మీద తెలుగులో రాసుకుని పర్సులో పెట్టుకుంది. కింద గీత గీసి మరీ ఇంకో వాక్యం చేర్చింది: 'సోనామసూరికి చెప్పాలి. బాస్మతి అంటే లేచి వచ్చేయడమే.'