సిమెంటు ఫ్యాక్టరీని నీటిరంగుల్లో వేస్తే అంతా బూడిద ముద్దలా ఎందుకు వస్తుంది?

ఎర్రగుంట్ల దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీని నీటిరంగుల్లో ఎన్నిసార్లు వేసినా బూడిద ముద్దలాగే వస్తోందని అడిగారు కదండీ. పదకొండేళ్లుగా నేనూ ఆ గొట్టాలు, సిలోలే (సిమెంటు నిల్వచేసే ఎత్తయిన గుండ్రటి కట్టడాలు) వేస్తున్నాను. మొదటి రెండేళ్ల బొమ్మలన్నీ మీరు చెప్పినట్లే ఉండేవి.

నా విషయంలో తప్పంతా నల్లరంగుది. దాన్ని నీళ్లతో పలుచన చేసి గోడలన్నింటికీ పూసేవాణ్ని. ఇప్పుడు నా పెట్టెలో నలుపు లేదు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలుపుతాను. నీలం పాలు పెరిగితే చల్లని బూడిద రంగు, సియెన్నా పెరిగితే వెచ్చనిది. ఎండ పడే గోడకు వెచ్చనిది, నీడ గోడకు చల్లనిది. రెండింటినీ పళ్లెంలో పూర్తిగా కలిపేయకండి, కాగితం మీదే కలవనివ్వండి. నలుపు పనికిరాదని అనడం లేదు. ఇంగ్లండు మిల్లులను జీవితమంతా చిత్రించిన చిత్రకారుడు లౌరీ వాడినవి ఐదే రంగులు, వాటిలో నలుపు ఒకటి. అయితే ఆయనవి తైలవర్ణాలు, అడుగున మందంగా తెల్లరంగు ఉండేది. మనకు ఆ తెలుపు కాగితమే ఇవ్వాలి.

ధూళిని బాగా గమనించండి. ఫ్యాక్టరీ దారిలో ఒక వేపచెట్టు ఉంది. ఎండాకాలంలో దాని ఆకు మీద వేలితో గీస్తే, గీసినంత మేరే పచ్చగా కనిపిస్తుంది. నేను దాన్ని పచ్చరంగుతో మొదలుపెట్టి పాడుచేసేవాణ్ని. ముందు చెట్టంతా లేత బూడిద రంగు పూసి, ఆరాక అక్కడక్కడ మాత్రం ముదురు పచ్చ తాకించాలి.

పొగగొట్టం మీది ఎరుపు, తెలుపు పట్టీల దగ్గర చాలామంది తడబడతారు. మీ కంటి ఎత్తులో ఉన్న పట్టీ అంచు దాదాపు సరళరేఖే. పైకి పోయేకొద్దీ ఆ అంచు వంపు పెరుగుతుంది, నడుమ భాగం పైకి లేస్తుంది. అన్నింటికీ ఒకే వంపు ఇస్తే గొట్టం నిలబడదు, అట్టముక్కలా కనిపిస్తుంది.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా ముఖ్యమే. ఒకసారి గేటు ఎదుట కూర్చుంటే కాపలాదారు వచ్చి లేపేశాడు. ఆయన ఉద్యోగం ఆయనది. అప్పటినుంచి దూరంగా, రోడ్డు పక్కన చెట్టు నీడ చూసుకుంటున్నాను. ఉదయం ఎనిమిదిలోపు ముగించండి. మన ఎండకు ఆ తర్వాత పూత సగంలోనే ఆరిపోయి చారలు పడతాయి.

ఇంకో మాట. నేరుగా ఫ్యాక్టరీతో కుస్తీ పట్టేముందు నాపబండల పాలిష్ షెడ్డుకు ఒకసారి వెళ్లండి. యజమానిని అడిగితే కూర్చోనిస్తారు. కోత మిషను కింద నీళ్లు పడుతున్న బండ దాదాపు నల్లగా ఉంటుంది. పక్కన గోడకు ఆనించిన బండ అదే రాయి, కానీ లేత బూడిద రంగు. ఇప్పుడే తీసి నిలబెట్టినదైతే పైనుంచి ఆరుతూ వస్తుంది, తడి అంచు మెల్లగా కిందికి జారుతుంది. నేను ఆ అంచునే మూడు ఆదివారాలు వేశాను. నాలుగో ఆదివారం ఫ్యాక్టరీకి వెళ్తే, సిలో గోడ మీద ఎండకూ నీడకూ మధ్య అదే అంచు కనిపించింది.