రాడార్, జీపీఎస్ రెండూ ఒకే మాట చెప్పాలని పట్టుబట్టకు

బుజ్జీ,

అయనావరణాన్ని, అంటే చాలా ఎత్తులో ఎలక్ట్రాన్లు, అయాన్లు ఉండే పొరని, చూసే తిరుపతి దగ్గరి గాదంకి ఎంఎస్‌టీ రాడార్ డేటా, జీపీఎస్ రిసీవర్ డేటా ఒకే రాత్రివి పక్కపక్కన పెడితే కలవట్లేదని టెన్షన్ పడుతున్నావట. ముందు గడియారం చూడు. నవ్వకు, మొదటి ఏడాది నేను రెండు వారాలు తల పట్టుకున్నది దీనికే. ఒక ఫైల్ మన టైములో, ఇంకోటి ఐదున్నర గంటలు వెనకుండే జీపీఎస్ టైములో ఉంటే, రాత్రి ఎనిమిదింటి ప్లాస్మా బుడగ (ఆ పొరలో ఎలక్ట్రాన్లు పలచబడ్డ చోటు) మధ్యాహ్నం రెండున్నరకే లేచినట్టు కనబడింది. అవి పొద్దుగూకాక కదా పుట్టేది, మిట్టమధ్యాహ్నం ఎక్కడివి అని తట్టనేలేదు!

తర్వాత మేడెక్కి యాంటెన్నా చూడు. పక్కన నీళ్ల ట్యాంకు ఉంటే సిగ్నల్ దానికి తగిలి తిరిగొచ్చి, ఎస్4, అంటే సిగ్నల్ మిణుకు కొలత, ఊరికే పెరిగినట్టు చూపిస్తుంది. జీపీఎస్ ఉపగ్రహం రోజూ దాదాపు 4 నిమిషాలు ముందే అదే చోటికి వస్తుంది కాబట్టి, నీ పీక్ కూడా అలాగే రోజుకి 4 నిమిషాలు ముందే వస్తుంటే అది అయనావరణం పని కాదు, ట్యాంకు పనే. టీఈసీ (సిగ్నల్ దారిలోని మొత్తం ఎలక్ట్రాన్ల లెక్క) రాత్రిపూట మైనస్‌లోకి పోతుంటే మాత్రం రిసీవర్ బయాస్, అంటే పరికరం తనే కలిపే తేడా, తీయలేదని అర్థం. జీపీఎస్ ఎల్1 సిగ్నల్ మీద ఒక్క టీఈసీ యూనిట్ అంటే దూరంలో 16 సెంటీమీటర్ల తేడా, చిన్నదేం కాదు.

ఇవన్నీ సరిచేశాక కూడా కలవకపోతే కంగారుపడకు, ఎందుకంటే అవి చూసేది ఒకదాన్నే కాదు. 53 మెగాహెర్ట్జ్ రాడార్‌కి తన తరంగంలో సగం, అంటే దాదాపు 2.8 మీటర్ల సైజు అలజడులే కనబడతాయి, జీపీఎస్ సిగ్నల్‌ని మిణుకుమనిపించేవి కొన్ని వందల మీటర్లవి. చిన్నవి ముందు చెదిరిపోతాయి. అర్ధరాత్రి దాటాక రాడార్ నిశ్శబ్దంగా ఉండి ఎస్4 ఇంకా ఊగుతుంటే అది తప్పు కాదమ్మా, నీ ఫలితమే అది. పైగా ఉపగ్రహం 30 డిగ్రీల ఎత్తులో ఉంటే దాని సిగ్నల్ 350 కిలోమీటర్ల ఎత్తు పొరను దాటేది నీకు 500 కిలోమీటర్ల పైన దూరంలో. రాడార్ బీమేమో గాదంకి పైనే ఉత్తరానికి కాస్త వంగి చూస్తోంది. బుడగలు రాత్రి తూర్పుకి, సెకనుకి 100 మీటర్లు అటూఇటూగా కదులుతాయి, కాబట్టి పడమటి ఉపగ్రహం, ఆ తర్వాత రాడార్, చివర్న తూర్పు ఉపగ్రహం, ఈ వరసలో పెట్టి చూడు.

నెల మొత్తం మీద పడకు. మార్చిలో ఒక్క మంచి రాత్రి తీసుకుని, ప్రతి ఉపగ్రహానికీ విడిగా గీసి, ఆదివారంలోగా నాకు పంపు. రంగులు మాత్రం కాస్త ముదురుగా పెట్టు, నా కళ్లజోడు పాతది.

మామయ్య