పెళ్ళిచూపుల్లో చెప్పాలా, దాచాలా? మూర్ఛపై పాఠకుల ప్రశ్నలకు న్యూరాలజిస్టు జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారములు. మా అమ్మాయికి 24 ఏళ్ళు. బి.ఎడ్. చేసి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. 14వ ఏట నుంచి ఫిట్స్ ఉన్నాయి. రెండు పూటలా మాత్రలు వేసుకుంటోంది, మూడేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు మంచి సంబంధం వచ్చింది. మా ఆడపడుచు, ‘పెళ్ళయ్యేదాకా నోరు మెదపకండి, మాత్రలు విటమిన్ డబ్బాలో పోసి అత్తారింటికి పంపండి’ అంటోంది. అమ్మాయేమో చెప్పనిదే పెళ్ళి వద్దంటోంది. మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళి చట్టప్రకారం చెల్లదని కూడా ఎవరో అన్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మాటే సరైనది. ముందు చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే మీ భయానికి మూలం అక్కడే ఉన్నట్టు కనిపిస్తోంది. 1976లో చేసిన సవరణతో హిందూ వివాహ చట్టంలోనూ, ప్రత్యేక వివాహ చట్టంలోనూ మూర్ఛను ఉన్మాదం పక్కన చేర్చి, తరచూ మూర్ఛ వచ్చేవారు పెళ్ళికి అర్హులు కారని రాశారు. ఆ మాట 23 ఏళ్ళపాటు చట్టంలో ఉండి ఎన్నో కాపురాలను కోర్టు మెట్లు ఎక్కించింది. ఇండియన్ ఎపిలెప్సీ అసోసియేషన్ వంటి సంస్థలు, డాక్టర్లు, రోగుల కుటుంబాలు పట్టువదలకుండా అడగడం వల్లనే 1999లో పార్లమెంటు ఆ పదాన్ని తొలగించింది. ఈనాడు మూర్ఛ ఉన్నంత మాత్రాన ఏ పెళ్ళీ చెల్లకుండా పోదు. అయితే దాచిపెట్టి చేసిన పెళ్ళి విషయం వేరు. ముఖ్యమైన సంగతి దాచి మోసంతో సమ్మతి తీసుకున్నారన్న వాదనతో అవతలివారు కోర్టుకు వెళ్ళే దారి హిందూ వివాహ చట్టంలో ఇప్పటికీ ఉంది. అంటే మీ అమ్మాయికి ఈ చట్టంవల్ల చిక్కు వస్తే అది జబ్బువల్ల కాదు, మీ ఆడపడుచుగారి సలహావల్లనే వస్తుంది.

ఇక విటమిన్ డబ్బా గురించి. కొత్త కోడలు అడుగుపెట్టిన ఇంట్లో మొదటి నెల ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. రాత్రి పొద్దుపోయేదాకా చుట్టాలు, తెల్లవారుజామున లేవడం, వ్రతాలు, ఉపవాసాలు, ఎవరూ చూడకుండా మాత్ర వేసుకోవడానికి వీలు చిక్కని పూటలు. నిద్ర చాలకపోవడం, మాత్ర తప్పడం అనే రెండూ కలిస్తే, మూడేళ్ళుగా అణిగి ఉన్న ఫిట్స్ మళ్ళీ రావడానికి అంతకన్నా అనువైన సమయం ఉండదు. మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో, ఏం చేయాలో తెలిసినవారు ఒక్కరూ ఉండరు. ఇలా డబ్బాలు మార్చుకుని వెళ్ళిన అమ్మాయిలను నేను అత్యవసర విభాగంలో చూశాను. వారి ముఖాల్లో జబ్బు భయంకన్నా రహస్యం బయటపడిందన్న భయమే ఎక్కువగా ఉండేది. మీ అమ్మాయిని ఆ స్థితిలో ఊహించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఎప్పుడు, ఎలా చెప్పాలి అంటే, ఇరువైపులా ఇష్టపడిన తరువాత, నిశ్చయ తాంబూలాలు పుచ్చుకోవడానికి ముందు చెప్పాలి. మధ్యవర్తి చేత కాదు, మీ అమ్మాయే అబ్బాయితో నేరుగా చెప్పడం మంచిది. మందుల చీటీ చూపించి, చివరిసారి ఎప్పుడు వచ్చిందో, వస్తే ఎలా ఉంటుందో తన మాటల్లో చెప్పనివ్వండి. తరువాత ఆ అబ్బాయిని మీ అమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి, అడగాలనుకున్నవన్నీ అడగనివ్వాలి. అతను తప్పక అడిగేది పిల్లల గురించి. తల్లికి మూర్ఛ ఉన్నంత మాత్రాన బిడ్డకు వచ్చి తీరుతుందని లేదు. అవకాశం మామూలుకన్నా కొంత ఎక్కువే గాని, చాలామంది పిల్లలకు రాదు. మూర్ఛ ఉన్న తల్లులలో నూటికి తొంభైమందికి పైగా ఆరోగ్యవంతులైన బిడ్డలనే కంటున్నారు. అయితే ఏ మందు వాడుతున్నారన్నది ఇక్కడ ఎంతో ముఖ్యం. వాల్‌ప్రొయేట్ అనే మందు గర్భంలోని బిడ్డకు అవయవ లోపాలను, ఎదుగుదల లోపాలను కలిగించే అవకాశం ఎక్కువ కనుక, మీ అమ్మాయి చీటీలో అది ఉంటే పెళ్ళికి ముందే డాక్టరుతో మాట్లాడి మార్చగలరేమో చూడాలి. సొంతంగా మాత్రం ఆపకూడదు. ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భం రావడానికి ముందునుంచే మొదలుపెట్టాలి. కార్బమజిపైన్, ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందులు వాడేవారిలో గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు. భర్తకు తెలియకుండా ఇవన్నీ నడపడం సాధ్యమయ్యే పని కాదు కదా.

నిజం విన్న తరువాత ఆ సంబంధం తప్పిపోవచ్చు కూడా. అది చాలా బాధాకరమైన విషయం, దాన్ని తేలిక చేసి చెప్పను. అయితే పుణెలోని సంవేదన ఫౌండేషన్ వంటి సహాయక బృందాలు, మూర్ఛ ఉన్నవారికి విషయం ముందే తెలిసి వచ్చే సంబంధాలను కుదర్చడం కూడా తమ పనిగా పెట్టుకున్నాయి. దాచకుండా జరిగే పెళ్ళిళ్ళు ఉన్నాయి, నేను స్వయంగా వెళ్ళి అక్షింతలు వేసినవీ ఉన్నాయి. మరొక్క మనవి: సంబంధం కుదిరితే అర్ధరాత్రి ముహూర్తం వద్దని, పగటి ముహూర్తమే పెట్టమని పురోహితుడిని అడగండి. పెళ్ళికూతురికి ఆ రాత్రి నిద్ర కావాలి.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి బాలుడికి క్లాసులోనే ఫిట్స్ వచ్చాయి. ఎవరో తాళాల గుత్తి చేతిలో పెట్టారు, మరొకరు ఉల్లిపాయ వాసన చూపించారు. మరుసటి రోజు ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి, తమ పిల్లలకు అంటుకుంటుందేమో, వాడిని వేరే బెంచీలో కూర్చోబెట్టమన్నారు. నేనేం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మాస్టారూ, తాళాల వల్లా ఉల్లిపాయ వల్లా ఫిట్స్ ఆగవు. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆగిన క్షణంలో చేతిలో తాళాలు ఉన్నందువల్ల ఆ నమ్మకం నిలబడిపోయింది. మీరు చేయవలసింది ఇది: గడియారం చూసుకోండి, దగ్గరలోని బెంచీలను జరపండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, మెడ దగ్గర గుండీలు వదులు చేయండి, నోట్లోని చొంగ బయటికి కారిపోయేలా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కాళ్ళుచేతులు గట్టిగా అదిమిపట్టవద్దు. పళ్ళ మధ్య చెంచా గానీ గుడ్డ గానీ కుక్కవద్దు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు కూడా తాగించవద్దు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా 108కు ఫోన్ చేయండి. డాక్టరు రాసిస్తే, ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రేను తల్లిదండ్రులు మీ దగ్గర ఉంచవచ్చు.

మూర్ఛ అంటువ్యాధి కాదు. చొంగ తగిలినా, పక్కన కూర్చున్నా, ఒకే పళ్ళెంలో తిన్నా రాదు. ఆ ఇద్దరు తల్లిదండ్రులతో ఈ మాట మీరే చెప్పండి, వారు మీ మాట వింటారు. వేరే బెంచీ మాత్రం దయచేసి వేయవద్దు. పిల్లవాడు ఫిట్స్ వచ్చిన సంగతి మరిచిపోతాడు గాని, వేరే బెంచీని జీవితాంతం మరువడు. వాడి అనుమతి, ఇంట్లోవారి అనుమతి తీసుకుని ఒక పూట తరగతికి ఈ విషయమే పాఠంగా చెప్పండి. 1992 ప్రపంచ కప్‌లో గాలిలోకి ఎగిరి వికెట్లను పడగొట్టి ఇంజమామ్‌ను రనౌట్ చేసిన దక్షిణాఫ్రికా క్రికెటర్ జాంటీ రోడ్స్‌కు మూర్ఛ ఉందని, ఆ సంగతి ఆయన దాచుకోకుండా చెప్పాడని పిల్లలకు తెలిస్తే వారి చూపు మారుతుంది. ఇంకొక విషయం గమనించండి. పాఠం మధ్యలో కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లలుంటే, పరధ్యానమని దండించకండి. అది కూడా మూర్ఛలో ఒక రకం కావచ్చు.

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం. మూడు నెలల కిందట బైకు మీద ఉండగా ఫిట్స్ వచ్చి పడ్డాను. ఆఫీసులో ఎవరికీ తెలియదు, ఊళ్ళో అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాలాంటివాళ్ళు ఎక్కడైనా ఉన్నారా?
– పేరు వద్దు

జవాబు: బాబూ, ఉన్నారు. ప్రపంచంలో సుమారు 5 కోట్లమంది, ఒక్క మన దేశంలోనే కోటికి పైగా ఉంటారని అంచనా. సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నువ్వు కూర్చునే ఆఫీసులో కూడా నీలాగే మౌనంగా మాత్ర మింగేవారు ఒకరుండవచ్చు.

ముందు బైకు తాళాలు ఇంట్లో పెట్టెయ్యి. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఆరోగ్య ప్రకటన పత్రం ఫారం-1లో మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు, అది నీ ప్రాణం కోసమూ, ఎదుటివారి ప్రాణం కోసమూ అడిగే ప్రశ్న. ఆ తరువాత ఆఫీసులో నమ్మకమైన ఒక్కరిని ఎంచుకుని విషయం చెప్పి, ఏం చేయాలో నేర్పించు. అందరికీ చెప్పవలసిన పని లేదు, ఒక్కరు చాలు.

నేను పనిచేసే చోట నెలకొక ఆదివారం రోగులు, వారి ఇంట్లోవారు కలిసి కూర్చుంటారు. మొదట్లో నేను ఉపన్యాసం ఇచ్చేవాడిని, ఇప్పుడు మాట్లాడక వింటున్నాను. మాత్ర మరిచిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకోవడం, ఫిట్స్ డైరీ రాయడం, స్నానాల గది తలుపు గడియ వేసుకోకపోవడం వంటివి వారు ఒకరికొకరు చెప్పుకున్నంత బాగా నేను ఎన్నడూ చెప్పలేకపోయాను. ఆ గదిలో నుంచే అర్జీలు కూడా పుట్టాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మూర్ఛ పేరు విడిగా లేదు. మండల స్థాయి ఆసుపత్రుల్లో మందులు నెలాఖరుకు అయిపోతాయి. ఇటువంటివి అడగడానికి డాక్టర్ల సంతకాలకన్నా ఆ జబ్బుతో బతుకుతున్నవారి సంతకాలకు బలం ఎక్కువ. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన 2031 దాకా నడిచే కార్యాచరణ ప్రణాళికలో మూర్ఛకు చోటు దొరికిందంటే, ఇలాంటి బృందాలు ఎన్నో దేశాల్లో గొంతు విప్పడమే కారణం.

నువ్వు చూపించుకుంటున్న న్యూరాలజీ ఓపీలో సహాయక బృందం గురించి అడుగు. ఇండియన్ ఎపిలెప్సీ అసోసియేషన్‌కు పలు నగరాల్లో శాఖలున్నాయి. నవంబరు 17, జాతీయ మూర్ఛ దినం నాడు చాలా ఆసుపత్రులు సమావేశాలు పెడతాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు పేరు కూడా చెప్పనక్కరలేదు, వెనక వరుసలో కూర్చుని విని రావచ్చు. తెనాలి తల్లిగారికీ ఇదే నా మాట: అమ్మాయిని వెంటబెట్టుకుని ఒక్కసారి అటువంటి సమావేశానికి వెళ్ళండి, మీ ఆడపడుచుగారిని కూడా తీసుకువెళ్ళండి.