పిల్లల మధ్య పనిచేసేవారికి పోలీసు వెరిఫికేషన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది సీజనల్ హాస్టల్. సుగ్గికి (కూలి పనులకు వలస) పోయిన కుటుంబాల పిల్లలు ఉంటారు. వంటమనిషిని, వాచ్‌మన్‌ను అప్పటికప్పుడు పెట్టుకోవాల్సి వస్తుంది. నాలుగు నెలల పనికి కూడా పోలీసు వెరిఫికేషన్ తప్పదా? (కోసిగి, కర్నూలు జిల్లా)

జవాబు: తప్పదు. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే చట్టం పోక్సో. దాని కింద వచ్చిన పోక్సో నిబంధనలు, 2020లో మూడో నిబంధన దీన్ని సూటిగా చెబుతుంది. పిల్లలు ఉండే సంస్థైనా, పిల్లలతో రోజూ పని ఉండే సంస్థైనా తన సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. పాఠం చెప్పేవారు, చెప్పనివారు, రెగ్యులర్, కాంట్రాక్టు అన్న తేడా లేదు. ఒక్కసారి చేయించి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ చేయించాలని కూడా అందులోనే ఉంది. ఎన్నేళ్లకొకసారి అన్నది మాత్రం రాయలేదు. మా సలహా: కొత్తవారికి చేరకముందే, పాతవారికి మూడేళ్లకొకసారి. సీజనల్ హాస్టల్లో నిరుడు పనిచేసిన మనిషే ఈసారి వచ్చినా మళ్లీ పంపండి. మధ్యలో ఎనిమిది నెలలు అతను ఎక్కడున్నాడో మీకు తెలియదు.

మీ శాఖ ద్వారా ఎస్పీ కార్యాలయానికి ఉత్తరం వెళ్తే, స్పెషల్ బ్రాంచి నుంచి సంబంధిత స్టేషన్‌కు చేరి, విచారణ అయ్యాక అదే దారిన నివేదిక తిరిగి వస్తుంది. అందుకే హాస్టల్ తెరిచే వారం ముందు మొదలుపెడితే అందదు, పేర్లు ఖాయమైన రోజే పంపాలి. నివేదిక వచ్చేదాకా ఆ మనిషికి రాత్రి డ్యూటీ వేయొద్దు. పడక గదుల వైపు, స్నానాల గదుల వైపు పని చెప్పొద్దు. పాత సిబ్బంది ఒకరు ఎప్పుడూ పక్కన ఉండాలి. తల్లిదండ్రులు గుంటూరు మిరప చేలల్లో ఉంటే ఈ పిల్లలకు సాయంత్రం ఏం జరిగిందో చెప్పుకునే మనిషి ఊళ్లో ఉండరు. ఇక్కడ సడలింపు ఇవ్వకూడదనేది అందుకే.

ప్రశ్న: మా బాలికల విద్యాలయంలో స్వీపర్లు, వాచ్‌వుమన్ ఔట్‌సోర్సింగ్ మీద వచ్చారు. “వెరిఫికేషన్ మేం చేయించాం” అని ఏజెన్సీ ఒక లిస్టు ఇచ్చింది. సరిపోతుందా? (అనంతపురం)

జవాబు: సరిపోదు. నిబంధన బాధ్యత పెట్టింది పిల్లలున్న సంస్థ మీద. ఒక్కొక్కరికీ పోలీసులు ఇచ్చిన నివేదిక నకలు అడగండి. దాని మీద లేఖ నంబరు, తేదీ, అధికారి సంతకం, ముద్ర ఉండాలి. లిస్టులో ఉన్న మనిషి, గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఒకరేనా అని ఫొటోతో, ఆధార్‌తో సరిచూడండి. ఒకరి పేరు మీద ఇంకొకరు పనికి రావడం ఇలాంటి చోట్ల చాలా మామూలు. సెలవు పెట్టిన మనిషి తన బంధువును పంపినా ఆ బంధువుకు వెరిఫికేషన్ లేనట్టే.

ప్రశ్న: పంపిన ప్రతి పేరుకూ “ప్రతికూలమేమీ లేదు” అనే వస్తోంది. అంత నమ్మొచ్చా? (హిందూపురం)

జవాబు: మీరు ఏం రాసి పంపారో దాన్ని బట్టి ఉంటుంది. పోలీసులు చూసేది మీరిచ్చిన పేరు, మీరిచ్చిన చిరునామా. అవి అరకొరగా ఉంటే జవాబూ అరకొరే.

మొదట పేరు సంగతి. మన సీమలో ఒక్క మండలంలోనే ఎందరో ఓబులేసులు, మద్దిలేటిలు, దస్తగిరిలు ఉంటారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో చిన్న ఓబులేసు, ఆధార్‌లో సి. ఓబులేసు, ఊళ్లో పిలిచేది చిన్నోడు. సీసీటీఎన్‌ఎస్ అనే పోలీసు కంప్యూటర్ రికార్డులో వెతికేటప్పుడు అక్షరం తేడా వస్తే కేసున్న మనిషి దొరక్కపోవచ్చు. దొరికిన మనిషి వేరొకరూ కావచ్చు, అప్పుడు ఏ తప్పూ చేయనివాడు ఉద్యోగం పోగొట్టుకుంటాడు. కాబట్టి ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, ఊళ్లో పిలిచే పేరు అన్నీ రాయండి. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి పేరు, పుట్టినూరు కూడా ఉండాలి.

తర్వాత చిరునామా. చాలా ఫారాల్లో ఆధార్ మీదున్న ఒక్క చిరునామాతో సరిపెడుతున్నారు. గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి ఊరూ, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నదీ కావాలి. హిందూపురం నుంచి బెంగళూరుకు, ఆదోని నుంచి రాయచూరుకు, రాయదుర్గం నుంచి బళ్లారికి పనులకు పోయి వచ్చేవారు ఎక్కువ. మీ స్టేషన్ విచారణ ఊళ్లోనే ఆగిపోతే అక్కడి కేసు బయటపడదు. అలాంటివారిని కర్ణాటక పోలీసుల నుంచి సర్టిఫికెట్ తెమ్మనండి. సేవా సింధు పోర్టల్లో దరఖాస్తు చేసుకోవచ్చు. జిల్లాల విభజననూ గుర్తుపెట్టుకోండి. 2022 ఏప్రిల్ 4 తర్వాత కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో, ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలో ఉన్నాయి. పాత జిల్లా ఎస్పీకి రాసిన ఉత్తరం తిరిగి రావడానికే వారాలు పడుతుంది.

లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ 2018 సెప్టెంబరు నుంచి ఉంది. దాన్ని పోలీసులు, దర్యాప్తు సంస్థలే చూడగలరు, మీకు తెరుచుకోదు. అందుకని “ఆ డేటాబేస్‌లో కూడా చూసి తెలుపగలరు” అని మీ ఉత్తరంలోనే అడగండి. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్లో పేరు కొట్టి చూసుకోవడం మంచిదే కానీ, అక్కడ ఏమీ కనిపించలేదని నిశ్చింతగా ఉండొద్దు. లైంగిక నేరాల ఎఫ్ఐఆర్‌లను పోలీసులు ఆన్‌లైన్లో పెట్టరు.

ఇంకొకటి. ఫిర్యాదే రాని నేరం ఏ రికార్డులోనూ ఉండదు. అంతకుముందు పనిచేసిన బడికో హాస్టల్‌కో ఫోన్ చేసి, “ఎందుకు మానేశారు? మళ్లీ పెట్టుకుంటారా?” అని అడగండి. రెండో ప్రశ్నకు అవతలివారు తడబడితే స్వయంగా వెళ్లి కలవండి. కాగితం మీద రాయడానికి వెనకాడేవారు ఎదురుగా కూర్చుంటే చెబుతారు.

ప్రశ్న: అంగన్‌వాడీ ఆయా పోస్టుకు ఎంపికయ్యాను. ఆరేళ్ల కిందట గట్టు తగాదాలో మా ఇంటిల్లిపాది మీద కేసు పెట్టారు. లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఫారంలో రాయాలా? (కడప జిల్లా)

జవాబు: రాయండమ్మా. “ఎప్పుడైనా కేసు నమోదైందా” అని ఫారం అడిగితే, రాజీ అయినా సరే, “అవును” అనే రాయాలి. క్రైమ్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, కోర్టు కేసు నంబరు, ముగిసిన తేదీ వేసి, లోక్ అదాలత్ అవార్డు నకలు జతచేయండి. చట్టప్రకారం రాజీ కుదిరిన కేసు నిర్దోషిగా విడుదలైన దానితో సమానం. పొలం గొడవ పిల్లల భద్రతకు సంబంధించింది కూడా కాదు.

దాచిపెడితేనే చిక్కు. ఉద్యోగ ఫారంలో పాత కేసు దాచడం గురించి అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో దారి చూపింది. నిజం చెప్పినవారి విషయంలో అధికారి కేసు తీవ్రతను బట్టి నిర్ణయించాలి. చిన్న కేసైతే దాచినా క్షమించే వీలుంది కానీ అది అధికారి విచక్షణ, మీ హక్కు కాదు. ఫారం అడగని సంగతిని చెప్పలేదని తప్పుపట్టకూడదని కూడా ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి ప్రశ్నను రెండుసార్లు చదివి, నింపిన ఫారం ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: మా బడిలో ఒక టీచరు మీద పోక్సో కేసు ఉంది. పిల్ల తండ్రితో రాజీ అయిందని, మళ్లీ తరగతికి పంపమని పెద్దమనుషులు ఒత్తిడి చేస్తున్నారు. (కర్నూలు)

జవాబు: పంపొద్దు. పోక్సో కేసులో రాజీకి చోటు లేదు. సరిగ్గా ఇలాగే, ఒక టీచరు మీది కేసును తండ్రితో రాజీ అయిందని రాజస్థాన్ హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి కేసు నడవాలంది. ఒత్తిడి సంగతి డీఈఓకు (జిల్లా విద్యాధికారికి) లిఖితపూర్వకంగా తెలపండి. ఇంకో పిల్ల నోట అలాంటి మాట మీ చెవిన పడితే పోలీసులకు వెంటనే చెప్పాలి. తన కింద పనిచేసేవారి నేరాన్ని చెప్పకుండా ఊరుకున్న సంస్థ అధిపతికి పోక్సో చట్టం 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడికి పదిహేనేళ్లప్పుడు జువెనైల్ బోర్డులో కేసు నడిచి ముగిసింది. హాస్టల్ ఉద్యోగానికి అడ్డమా? (ప్రొద్దుటూరు)

జవాబు: కాదు. బాల న్యాయ చట్టం, 2015లోని 24వ సెక్షన్ ఆ కేసు వల్ల అనర్హత రాకూడదంటుంది. ముగిసిన కేసు రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం పోలీసులు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ అంటుంది. పదహారు దాటినవారిని పెద్దలుగా విచారించి దోషులని తేల్చిన ఘోర నేరాలకు 24వ సెక్షన్ రక్షణ లేదు. మీవాడికి ఆ మినహాయింపు వర్తించదు.

ప్రశ్న: బడికి పిల్లలను తెచ్చే ఆటో డ్రైవర్ల సంగతి? (గుంతకల్లు)

జవాబు: బడి పెట్టుకున్న డ్రైవరైతే పైన చెప్పినదంతా వర్తిస్తుంది. తల్లిదండ్రులు మాట్లాడుకున్న ఆటోవాలా బడి ఉద్యోగి కాదు కాబట్టి, ఆ పని తల్లిదండ్రులే చూసుకోవాలి. ఒకే ఆటోలో పంపే ఇళ్లవారంతా కలిసి లైసెన్సు, ఆధార్ నకళ్లు, బండి నంబరు తీసుకుని, స్టేషన్‌లో విచారించమని ఒకే అర్జీ ఇవ్వండి. అనుమానం కలిగితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.